ఓబుల్‌రెడ్డి ఎద్దు

ఆత్మకూరు, మార్చి 1953, ఆదివారం రాత్రి.

నెమరు మానేసిన ఓబుల్‌రెడ్డి ఎద్దు పొద్దున చచ్చిపోయింది. ఎన్ని మందులు తాగించినా దాని పొట్ట కదల్లేదు. వాళ్ళ మర్రిపాడు వైపు ఇంటి ఎద్దును పసుపు కుంకుమలతో పూడుస్తారు, కత్తి పెట్టనివ్వరు. చావుకు కారణం చూడాలని పశువుల డాక్టరు బతిమాలితే, చేను చివర, వాళ్ళిద్దరూ, పేపరు విలేకరిని నేనూ, ముగ్గురమే ఉన్నప్పుడు ఓబుల్‌రెడ్డి కోయనిచ్చాడు.

మేతతో మింగిన ఇనుపతీగ పొట్టను చీల్చుకొని వచ్చి, పొట్టను ఆడించే నరం చుట్టూ చీము పట్టించింది. మందులన్నీ పొట్టకు పోశారు, దెబ్బ నరానికి తగిలింది. డాక్టరు చాలాకాలంగా అనుమానిస్తున్నది ఇదే. కళ్ళారా చూడడం ఇదే మొదలు.

"పేపర్లో మా పేరు ఎయ్యొద్దు సార్. కోయించినానని తెలిస్తే మావాళ్ళు గడప తొక్కరు," అన్నాడు ఓబుల్‌రెడ్డి.

"పేరుంటేనే గదా రెడ్డీ, ఇంకో రైతు ఒప్పుకొనేది. ఒక్క ఎద్దును చూసి నేనేం తేల్చగలను?" అన్నాడు డాక్టరు.

"మీకేం, బదిలీ అయితే పోతారు. మేం ఈడనే బతకాల."



పేరూ ఊరూ లేని వార్త నేనెప్పుడూ పంపలేదు. ఇవాళ "తాలూకాలో ఒక రైతు" అని రాసి చివరి బస్సుకు ఇచ్చాను. రాసింది అబద్ధం కాదు. కానీ దుత్తలూరులో ఇంకో ఎద్దు నెమరు మానేసిందట. అది చచ్చిపోయి, డాక్టరు కత్తి పట్టుకొని వెళ్తే, ఆ ఇంటివాళ్ళు ముందుగా అడిగేది ఇంతకుముందు ఎవరు కోయించారనే...