పిల్లి కూర్చుంటేనే పలికే పెడల్

పెడల్ కంపెనీలో రిపేర్లు చూసే బాబుకి,

టైపిస్టు ఆశీస్సులు. రికార్డింగులు వింటూ టైపు చేయడం నా ఉద్యోగం. కాలితో నొక్కితే మాట ఆగాలి, మళ్లీ నొక్కితే సాగాలి. అందుకే మీ పెడల్ తెప్పించుకున్నాం. ఇప్పుడు రెండోసారి వెనక్కి పంపుతున్నాను. పొద్దున ప్లగ్ పెడితే ఇదేం వస్తువో గుర్తుపట్టలేకపోతున్నానంటుంది కంప్యూటరు. మధ్యాహ్నానికి దానంతట దానికే గుర్తొస్తుంది. పోయినసారి మీరు "బాగానే ఉంది" అని చీటీ పెట్టి దీన్నే తిప్పి పంపారు. నాకంతా అయోమయంగా ఉంది.

ఇట్లు,
కింది గది టైపిస్టు

తా.క.: మా గదిలో దిండు అనే పిల్లి ఉంది. పెడల్ వెనకున్న రేకు పెట్టె మీదే పడుకుంటుంది. అందువల్ల ఏమైనా నష్టమా?

*

టైపిస్టు గారికి,

నమస్కారంతో మొదలుపెడుతున్నాను. చివరిదాకా మర్యాద నిలుస్తుందో లేదో చెప్పలేను.

మీ పెడల్ నా బెంచి మీద మూడు రోజులుగా నిక్షేపంలా పనిచేస్తోంది. ఇందులో చిప్పు చాలా చవకది. కంప్యూటరుతో యూఎస్‌బీ భాషలో మాట్లాడే భాగం దానికి పుట్టుకతోనే లేదు. ఆ మాటలు నేను ప్రోగ్రాము రాసి నేర్పాను. సెకనుకి పదిహేను లక్షల సార్లు, లెక్క తప్పకుండా, రెండు తీగల మీద పలుకుతుంది. నేను కాలేజీ గేటు కూడా చూడలేదు. రెండేళ్లు కళ్లు వాచేలా కూర్చుని నేర్చుకున్నాను. అలాంటిదాన్ని పట్టుకుని పొద్దునొకలా, మధ్యాహ్నమొకలా ఉంటుందంటే నాకు ఒళ్లు మండదా?

తప్పు పిల్లిది. దాని వెంట్రుకలు లోపలికి పోతున్నాయి. పెడల్ తిప్పి పంపుతున్నాను, దయచేసి పిల్లిని దూరంగా ఉంచండి. ఒకే వస్తువు మూడోసారి తిరిగొస్తే చేసినవాణ్ణి ఇంటికి పంపేస్తానని మా ఓనరు గోడకి కాగితం అంటించాడు. మీది రెండైంది.

ఇట్లు,
టంకమూ ప్రోగ్రామూ రెండూ చేసేవాడు

తా.క.: వెంట్రుకలు దొరుకుతాయేమోనని పెట్టె విప్పాను. ఒక్కటీ లేదు. అయినా తప్పు పిల్లిదే.

*

బాబూ,

నువ్వు చెప్పినట్టే దిండుని బయట ఉంచాను. అంతే, పెడల్ పూర్తిగా పడుకుంది. పొద్దునా లేదు, మధ్యాహ్నమూ లేదు. నాలుగో రోజు దిండు కిటికీలోంచి దూరి పెట్టెనెక్కింది. అరగంటలో కంప్యూటరు గుర్తుపట్టేసింది! దించితే ఆగుతుంది, ఎక్కిస్తే వస్తుంది. పుస్తకాల కట్ట పెట్టి చూశాను, లాభం లేదు. పిల్లే కావాలట.

మా ఆఫీసరుకి పిల్లి అంటే గిట్టదు. అయినా పని ఆగితే ఆయన పీకకే చుట్టుకుంటుంది. అందుకని "పనివేళల్లో పిల్లి పెడల్ మీద ఉండవలెను" అని ఉత్తర్వు రాసిచ్చారు. నీ ఉద్యోగం మీదకి తేవడం ఇష్టం లేక మూడోసారి పంపడం లేదు.

ఇట్లు,
టైపిస్టు

తా.క.: నిన్న దిండు డ్యూటీకి రాలేదు. ఆఫీసరు గారే బల్లల కింద దూరి వెతికి తెచ్చారు.

*

టైపిస్టు గారికి,

తీగ మీద బతికే వస్తువు పిల్లి మీద బతకదండీ! నన్నేమైనా వెర్రివాణ్ణి అనుకుంటున్నారా? మీ ఆఫీసరుకి కూడా

ఇంతవరకు మంగళవారం రాశాను. ఇవాళ శుక్రవారం. కోపం దిగిపోయింది, ముందు తిట్టింది చింపేద్దామంటే కాగితం ఇదొక్కటే ఉంది.

బుధవారం నా బెంచి లాంపు మాడిపోయింది. చలికి చేతులు కొంకర్లు పోతున్నా మీ పెడల్ లాంటిదే ఇంకొకటి పెట్టి చూశాను. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు! అప్పుడు బుర్ర వెలిగింది. చిప్పు తన గడియారం చూసుకునే మాట్లాడాలి. ఆ గడియారాన్ని నిలకడగా ఉంచే క్రిస్టల్ అనే చిన్న ముక్కని ఓనరు దండగని తీయించాడు. లోపల ఉన్న గడియారం వెచ్చగా ఉంటే ఒక నడక, చల్లగా ఉంటే ఇంకో నడక. నేనేమో లాంపు కింద, వెచ్చటి బెంచి మీద ఒకసారి సరిచేసి అదే చాలనుకున్నాను. మీ కింది గది చలి. పెట్టెని వెచ్చబెట్టింది దిండు.

తప్పు నాది. మీ పాత పెడల్ నంబరే వేసి, కొత్త ప్రోగ్రాముతో ఇంకో పెడల్ పంపుతున్నాను. కంప్యూటరు సెకనుకి వెయ్యిసార్లు చిటికె వేస్తుంది. ఇది ఆ చిటికెలు వింటూ తన నడక తనే దిద్దుకుంటుంది. మంచులో పెట్టినా పలుకుతుంది. పిల్లితో ఇక పని లేదు.

ఇట్లు,
తల దించుకున్నవాడు

తా.క.: దిండుకి క్షమాపణ చెప్పండి. మీరు నా తరఫున చెబితే చాలు, నాకు అలవాటు లేదు.

*

బాబూ,

ఎంత పని చేశావు! కొత్త పెడల్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆఫీసరు గారు నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించారు. "పిల్లితో ఇక పని లేదు" అన్న చోట రెండుసార్లు చదివారు. ఉత్తర్వు చింపేశారు. సోమవారానికి దిండు బయటికి పోవాలట. ఈ కింది గదిలో పదకొండేళ్లుగా నాతో పాటు కూర్చునేది అదొక్కతే.

పిల్లి అవసరమని మీ కంపెనీ కాగితం మీద రాసివ్వు. లేదంటే పెడల్ మూడోసారి వెనక్కి వస్తుంది. కారణం దగ్గర "బాగా పనిచేస్తోంది" అని రాస్తాను.

ఇట్లు,
టైపిస్టు

తా.క.: క్షమాపణ చెప్పాను. ఆవలించింది.

*

సంబంధిత ఆఫీసరు గారికి చూపించగలరు.

నేను అబద్ధం రాయను. నిజాలే రాస్తున్నాను. ఈ పెడల్‌ను మా బెంచి బయట పరీక్షించినది ఒక్క పిల్లి సమక్షంలోనే. పరీక్ష జయప్రదమైంది. వేరే పరిస్థితుల్లో ఎలా ఉంటుందో మేము చూడలేదు. చూడని వాటికి మేము పూచీ పడము. కావున పిల్లిని కదిలించినచో వారంటీ చెల్లదు.

ఇట్లు,
కంపెనీ తరఫున, టంకమూ ప్రోగ్రామూ చేసేవాడు

తా.క. (వేరే చీటీ మీద): అమ్మా, ఇది మీకు మాత్రమే. పై కాగితం మీద ముద్ర వేయించడానికి వెళ్తే ఓనరు మొత్తం చదివాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, కొత్త కేటలాగులో ఒక లైను కలపమన్నాడు: "పెట్టెలో వచ్చేవి పెడల్, తీగ. పిల్లిని కొన్నవారే సమకూర్చుకోవలెను."