తాకకుండా కొలిచే కన్ను

బావా,

ప్రభువు గాయాలను ముట్టుకుంటే తప్ప నమ్మనన్న ఆ శిష్యుడు నీకేమైనా చుట్టమా? వంతెన కింద నీ మేనకోడలు బిగించిన, నీటిమట్టం కొలిచే రాడార్‌ను చూసి, "నీళ్లను తాకని యంత్రం లోతేం చెబుతుందే పిచ్చిపిల్లా?" అన్నావట. గడకర్ర ముంచి, మోకాలి లోతేనని తేల్చావట. కర్ర నీ గుమ్మం ముందు నీటినే కొలుస్తుంది. రాడార్ లెక్కలకు ఎగువ వానను కలిపి చూసిన కృత్రిమ మేధ, తెల్లవారేసరికి నీ ఇల్లు మునుగుతుందంటోంది. బైబిల్లో ఓడ కట్టిన పెద్దాయన వాన మొదలయ్యేదాకా ఆగాడా?

ఇన్నేళ్లు చర్చిలో గొంతు చించుకున్నా నా బోధకు ఒక్కరూ కదల్లేదు. నా కూతురి మాటకు మీ వీధంతా గట్టెక్కింది! తండ్రిగా నా గుండె ఉప్పొంగుతోంది.

ఈ ఉత్తరం తెచ్చింది అదే. నువ్వు రాకపోతే తనూ కదలదట. మొండితనం మీ ఇంటిదే. నడవలేని అత్తయ్యను ఎత్తుకుని, ఇప్పుడే దాని బండెక్కు!