ఖాళీగా వదిలేసిన పేజీ

మెదడు ఆపరేషన్ గదిలో పరికరాలు సిద్ధం చేసే పనిలో ముప్పై ఒక్క ఏళ్లు ఉండి రిటైరైన నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. నిన్న ఉదయం నా తలలో ఉబ్బిన రక్తనాళం ఒకటి పగిలింది. రేపు పుర్రె తెరిచి, ఆ ఉబ్బు మొదలు దగ్గర క్లిప్పు వేస్తారు. తలలో నెత్తురు చేరినవాడి తెలివిని ఎవరైనా శంకించవచ్చు. ఇవాళ డాక్టరు నూరులోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నారు. అరవై అయిదు దగ్గర చాలన్నారు. నేను రెండు దాకా వచ్చి ఆగాను.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా నా భార్యకు. కిటికీ పక్క కుర్చీ కూడా ఆమెదే. ఇన్నేళ్లూ నాదని దబాయించాను.

2. నా భూతద్దం ఆపరేషన్ గది సిస్టరమ్మకు. పుర్రె మూసేముందు దూది పీలికలు లెక్కపెట్టడం ఆమెకు నేర్పింది నేనే. ఒక్కటి తగ్గినా, డాక్టరు కసురుకున్నా, మూయనివ్వకూడదు. రేపు నా తల దగ్గరా అంతే.

3. నా దినచర్య పుస్తకాలన్నీ మా తమ్ముడికి. వాడు గడియారాలు బాగుచేస్తాడు. పదకొండేళ్లుగా నాతో మాటల్లేవు. అమ్మ పోయిన ఏటి పుస్తకంలో ఒక పేజీ ఖాళీగా ఉంటుంది. ఈ కింది నాలుగు ముక్కలూ కత్తిరించి అక్కడ అంటించాలి.

అమ్మ ఉన్నట్టుండి తల పగిలిపోతోందంది. వాంతి చేసుకుంది. మెడ వంచలేకపోయింది. రోజూ ఇలాంటి తలల దగ్గరే నిలబడే నేను, ఎండదెబ్బేనని మాత్ర ఇచ్చి, పడుకోబెట్టి డ్యూటీకి వెళ్లాను. ఆస్పత్రికి తీసుకెళ్దామన్న తమ్ముణ్ణి "నీకేం తెలుసురా" అన్నాను. ఆ రోజు మేం క్లిప్పు వేసింది ఇంకెవరి అమ్మకో. ఆవిడ బతికింది. నేను ఇంటికొచ్చేసరికి మా అమ్మ లేదు.

4. నిన్న నేను గుమ్మంలో కూలబడి, మాత్ర ఉంటే ఇవ్వమన్నాను. నా భార్య కబురు చేస్తే తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "మాత్రా లేదు, మన్నూ లేదు. లే అన్నయ్యా, పద" అని భుజాన వేసుకున్నాడు. ఆస్పత్రి దాకా తిడుతూనే ఉన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

5. రేపు నాకు మెలకువ రాకపోతే, యంత్రం మీద ఎన్నాళ్లు ఉంచాలో తమ్ముడే చెబుతాడు. నా భార్య ఒప్పుకుంది. ఇక్కడి డాక్టర్లు నా మీద అభిమానంతో వెనకాడతారు. వాడు ఏది చెబితే అది చేయండి. ఒకసారి వాడి మాట నేను కాదన్నాను.

చదివి, సరిచూసుకుని, నా చేత్తో సంతకం చేశాను.
మార్చి పదకొండు, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలు.

(సంతకం)

సాక్షులు:
వార్డు డ్యూటీ డాక్టరు
నా తల గొరగడానికి వచ్చి, ఇది పూర్తయ్యేదాకా ఓపిగ్గా కూర్చున్న వార్డు ఉద్యోగి