వెంకటరాముడి కుడిచెయ్యి

1981 నవంబరు 9, సోమవారం

ఇవాళ వెంకటరాముడు నట్లు విసరడం కొరియా సూపర్‌వైజర్ కంటపడింది.

రాముడిది రాయచోటి పక్క పల్లె. మా ఊరికి ఆరు మైళ్లు. పైన పరంజా కట్టేవాళ్లకు నట్లూ బోల్టులూ అందించడం వాడి పని. అందరూ బకెట్లో వేసి తాడుతో పైకి లాగిస్తారు. వీడికి అంత ఓపిక లేదు. కింద నుంచే విసురుతాడు. మూడో అంతస్తులో ఉన్నవాడు చెయ్యి చాపితే చాలు, నట్టు వచ్చి అరచేతిలో కూర్చుంటుంది. ఒక్కటి జారగా నేను చూడలేదు.

సూపర్‌వైజర్ పార్క్ తిట్టడానికే వచ్చాడు. వచ్చి, తిట్టడం మరిచి, నోరు తెరుచుకుని చూశాడు. మళ్లీ విసురు అన్నాడు. ఏడుసార్లు విసిరించాడు. పేరు అడిగి, పలకలేక, బెంకా అన్నాడు. శుక్రవారం గ్రౌండుకు రమ్మన్నాడు.

నేను ఈ కువైట్ లేబర్ క్యాంపు గేటు వాచ్‌మన్‌ని. గేటు దగ్గర కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి.

నవంబరు 13, శుక్రవారం

జుమ్మా నమాజు చేసుకుని గ్రౌండుకు పోయాను. క్యాంపు వెనక ఇసుక మీద నీళ్లు చల్లి రోలర్ తిప్పారు. అదే గ్రౌండు. ఆట పేరు బేస్‌బాల్. కొరియా వాళ్లకు ఇదంటే పిచ్చి. అబూ హలీఫా చుట్టూ నాలుగు కంపెనీల టీములున్నాయి. జపాన్ కంపెనీ మీద గెలవడం వీళ్లకు అన్నిటికంటే ముఖ్యం.

ఒకడు కట్టె పట్టుకుని నిలబడతాడు. మనవాడు విసరాలి. బాల్ నేలకు తగలకూడదు, వాడి కట్టెకూ తగలకూడదు. మూడుసార్లు తప్పితే వాడు బయటికి. అంతే. రాముడికి గంటలో వచ్చేసింది.

ఆటకు ఐదు దీనార్లు ఇస్తానన్నాడు పార్క్. రాముడు నా దగ్గరికొచ్చి, మామా, ఇది ఆటనా పనా అని అడిగాడు. పైసలిస్తే పనే అన్నాను.

నేను పన్నెండేళ్లు కుస్తీ పట్టాను. తలపాగాలు చుట్టారు, ఒకసారి పొట్టేలు ఇచ్చారు. పైసలు ఎవడూ ఇవ్వలేదు. కడుపు కొంచెం మండింది. మండింది కాబట్టి రాస్తున్నాను.

తర్వాత వాడి చెయ్యి పట్టి చూశాను. మోచేతి కీలు కొత్త తలుపు బందులా తిరుగుతోంది. ఇకనుంచి గురువారం గురువారం నేనే నూనె పెట్టి తోముతానని చెప్పాను. మా నాయన ఎముకలు కట్టేవాడు. నేనూ కడతాను. ఈ క్యాంపులో నా చెయ్యి పడని నడుము లేదు. కొరియా వాళ్లు కూడా బెణికితే గేటు దగ్గరికే వస్తారు, డాక్టరు దగ్గరికి పోరు.

నవంబరు 27, శుక్రవారం

మొదటి మ్యాచ్. జపాన్ కంపెనీ మీదే.

వాళ్లు కట్టె తిప్పడానికి బాల్ అక్కడ ఉంటే కదా. బస్సు డ్రైవర్ అన్వర్ బాషా గీత పక్కనే నిలబడి, అయ్యా సామీ, కట్టె కింద పెట్టి ఇంటికి పో, బాల్ పోయి శానాసేపాయె అని తెలుగులో అరిచాడు. జపాన్‌వాడు అది మెచ్చుకోలు అనుకుని తల వంచి దండం పెట్టాడు. మా వాళ్లు ఇసుకలో పడి దొర్లారు.

గెలిచాక రాముడిని భుజాల మీద మోశారు. దిగి వచ్చి నాతో ఏమన్నాడంటే, మా జొన్నచేలో చిలకలే వీళ్లకంటే హుషారు మామా, రాయి వస్తాందంటే ముందే లేస్తాయి.

డిసెంబరు 4, శుక్రవారం

గెలిచాము. నువ్వులనూనె అయిపోయింది.

డిసెంబరు 18, శుక్రవారం

మళ్లీ గెలిచాము. సంతోషం ఉండనివ్వలేదు సిద్ధమ్మ.

సిద్ధమ్మ రాముడి పెళ్లాం. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పని. ఇద్దరూ ఒకే ఏడాది వచ్చారు. నెలకు ఒక శుక్రవారం ఆ ఇంటి మామా, ఇక్కడ యజమానురాలిని అలాగే అంటారు, వాడిని వెనక తలుపు దగ్గర గంటసేపు కూర్చోనిస్తుంది. మ్యాచులు పెట్టినప్పటి నుంచి వాడు పోలేదు. ఆమె గేటు ఫోనుకు చేసింది. మీ ఆటాయనకు చెప్పు మామా, జహ్రాలో ఒక మనిషి ఉండాదని, అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు బాగుండేది.

చెప్పాను. రాముడు సిగ్గుపడ్డాడు. అసలు సంగతి అప్పుడు చెప్పాడు. ఇక్కడి పని ఫిబ్రవరికి ఖలాస్. లేబర్ అందరినీ ఇంటికి పంపేస్తారు. టీము మాత్రం కంపెనీతో పాటు సబ్‌హాన్ కొత్త సైటుకు పోతుంది. వాడికి అక్కడ స్టోర్‌లో పని ఇస్తామని పార్క్ మాటిచ్చాడు. ఈ రెండు నెల్లు ఓర్సుకోమను మామా, చెయ్యి ఉంటే ఈ దేశంలో ఉంటా, ఈ దేశంలో ఉంటే దాని మొగం సూస్తా, అన్నాడు.

దీనార్ల కోసం అనుకున్నాను నేను ఇన్నాళ్లూ.

1982 జనవరి 8, శుక్రవారం

ఆరో మ్యాచ్ గెలిచాము. కానీ మెస్సులో రాముడు ఎడమచేత్తో తిన్నాడు.

మోచెయ్యి వాచింది. పూర్తిగా చాపలేకపోతున్నాడు. పార్క్ ఐస్ సంచి తెచ్చి కట్టాడు. నేను విప్పి అవతల పారేశాను. పనిచేసి వేడెక్కిన కీలుకు మంచు పెడతారా ఎవరైనా? బిగుసుకుపోదా? పార్క్ రాముడిని నెల రోజులు ఆడించను, డాక్టరుకు చూపించు అన్నాడు. నెల తర్వాత ఫైనల్. ఊరికే పెడితే కీలు ఊరికే ఉంటుంది, నయం కాదని నేను చెప్పాను.

జనవరి 16, శనివారం

నిన్న మ్యాచ్ లేదు కదా, రాముడు జహ్రాకు పోయొచ్చాడు. అన్వర్ బాషా తీసుకుపోయాడు. సిద్ధమ్మ చెయ్యి చూసి డాక్టరు దగ్గరికి పొమ్మందట. పైల్వాన్ మామ ఉండగా డాక్టరేంటికి అన్నాడట రాముడు. ఆ మాట అన్వర్ చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను.

జనవరి 28, గురువారం, సాయంత్రం 5

వాపు తగ్గింది. చెయ్యి మాత్రం చాపడానికి రావడం లేదు. కీలు పక్కకు జరిగిందని నాకు తేలిపోయింది. జరిగిన కీలును నూనె సరిచేయదు. లాగి కూర్చోబెట్టాలి.

అన్వర్‌ను భుజం పట్టుకోమన్నాను. వాడు భయపడి, పైల్వాన్ సాబ్, ఇది మిషన్ చెయ్యి, మన ఊరి ఎద్దు కాలు కాదు, ఒకసారి ఆలోచన చెయ్యి అన్నాడు. నోరు మూసుకుని పట్టుకో అన్నాను. బిస్మిల్లా అని లాగాను. టప్పుమంది. రాముడు పెదవి కొరుక్కున్నాడు, రక్తం వచ్చింది, అరవలేదు. చెయ్యి తిన్నగా వచ్చింది.

కూర్చుంది అన్నాను. కోడిగుడ్డు సొన, మినపపిండి కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టాను. ఫైనల్ ముందు రోజు విప్పుతాను.

మా నాయన చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

జనవరి 30, శనివారం

చిటికెన వేలూ దాని పక్క వేలూ తిమ్మిరిగా ఉన్నాయన్నాడు. నెత్తురు మళ్లీ పారుతోంది, మంచిదే అన్నాను.

ఫిబ్రవరి 11, గురువారం

కట్టు విప్పాను. రెండు వేళ్లూ కొంచెం లోపలికి వంగి ఉన్నాయి. బాల్ పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. పార్క్ ఆడగలవా అని అడిగితే, రాముడు నా వైపు చూశాడు. ఆడతాడు అని నేనే చెప్పాను.

ఫిబ్రవరి 12, శుక్రవారం

జపాన్ కంపెనీ వాళ్లు బస్సుల్లో వచ్చారు. డోలు కూడా తెచ్చుకున్నారు.

మొదటివాడిని రాముడు బయటికి పంపాడు. రెండోవాడినీ పంపాడు. నేను కుర్చీ మీద నుంచి లేచి నిలబడ్డాను. ఇదిగో మా నాయన విద్య అని పక్కనున్న కొరియావాడికి చెప్పాను. వాడికి ఏం అర్థమైందో.

మూడోవాడికి విసరబోయాడు. చెయ్యి పైకి లేచింది. బాల్ వేళ్లలోంచి జారి వాడి పాదం పక్కనే పడింది. ఒంగి తీసుకున్నాడు. మళ్లీ విసరబోయాడు. మళ్లీ అక్కడే పడింది. ఈసారి తీసుకోవడానికి వేళ్లు రాలేదు. ఎడమచేత్తో తీసుకుని, దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

జపాన్‌వాళ్లు డోలు ఆపేశారు. వాళ్లది మంచి మర్యాద.

పార్క్ నడిచిపోయి వాడి చేతిలోంచి బాల్ తీసుకున్నాడు. ఓడిపోయాము.

ఫిబ్రవరి 13, శనివారం

ఫహాహీల్‌లో ఈజిప్టు నుంచి వచ్చిన మిస్రీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కంపెనీ రాసిచ్చిన చీటీ ఉంది. డాక్టరుకు అరబ్బీ, రాముడికి తెలుగు. మధ్యలో నేను. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నాను, నా అరబ్బీకి ఎవడూ వంక పెట్టలేడు.

ఎక్స్‌రే చూశాడు. వేళ్లకు సూదితో గుచ్చి చూశాడు. ఇది ఆటలో అయింది కాదు, ఆటలో తగిలింది చిన్న దెబ్బ, దాన్ని ఎవడో లాగి పాడుచేశాడు, ఎవడు లాగాడో అడుగు అన్నాడు.

అడిగాను. ఒక్క మాట మార్చలేదు. ఈ చెయ్యి ఎవడు లాగాడో చెప్పమంటున్నాడు అని తెలుగులో అడిగాను.

రాముడు నా మొహం చూశాడు. బాత్‌రూమ్‌లో జారి పడినానని చెప్పు మామా అన్నాడు.

చెప్పాను. నా నోటితోనే, మంచి అరబ్బీలో చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు.

తర్వాత డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఏమంటాడు మామా అని రాముడు అడిగాడు. మూడు నెలలు పడుతుందంటున్నాడు అన్నాను.

ఫిబ్రవరి 15, సోమవారం

డాక్టరు మూడు నెలలు అనలేదు.

నరం చచ్చింది అన్నాడు. ఆ రెండు వేళ్లు ఇక తిరిగి రావు, మోచెయ్యి పూర్తిగా చాపడానికి రాదు, వేరే పని చూసుకోమని చెప్పు అన్నాడు.

నేను భయపడ్డాను. ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది. అరవయ్యేళ్ల వాచ్‌మన్ కూలీ చెయ్యి విరిచాడని తెలిస్తే ఒక్క పూట ఉంచరు. కానీ అదొక్కటే కాదు. ఆ మాట తెలుగులో నా నోట్లోంచి రాలేదు. వస్తే మా నాయన చేతులు కూడా అబద్ధమైపోతాయి అనిపించింది.

ఫిబ్రవరి 20, శనివారం

సబ్‌హాన్ పోయేవాళ్ల లిస్టు గేటు పక్కన అంటించారు. రాముడి పేరు లేదు. పార్క్ స్వయంగా వచ్చి వాడికి చెప్పాడు. బాత్‌రూమ్‌లో పడితే కంపెనీ బాధ్యత కాదట. చెప్పేటప్పుడు నేల చూస్తూ చెప్పాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ ఐస్ సంచి సంగతి వాడు మరిచిపోలేదు.

ఫిబ్రవరి 27, శనివారం, ఉదయం 6

బస్సు వచ్చింది. గేటు తీయాల్సింది నేనే.

నిన్న వాడు జహ్రాకు పోయి సిద్ధమ్మను చూసి వచ్చాడు. మూన్నెల్లలో సరైతాదని దానికి చెప్పినా మామా, సరైనాక ఉత్తరం రాస్తే పార్క్ పిలిపిస్తానన్నాడు, అన్నాడు. చేతికి నేను కట్టిన కట్టే ఉంది. కొత్తది, నిన్న పొద్దున వాడే కట్టమని అడిగాడు. కట్టాను.

బస్సు ఎక్కబోతూ వెనక్కి వచ్చాడు. నీ పేరు యాడా ఎత్తలేదు మామా, నిన్ను పంపిచ్చేస్తే ఈ వయసులో నీకెవురు పనిస్తారు, నువ్వు మంచికే జేసినావు, అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. అన్వర్ హారన్ కొట్టాడు. నేను గేటు తీశాను.

మార్చి 8, సోమవారం

సిద్ధమ్మ ఫోను.

ఆ ఇంటి మామా బజారుకు పోయిందట, తొందరగా మాట్లాడింది. ఆమె రెండేళ్ల కాగితం ఈ నెలతో అయిపోతుంది. ఇంకో రెండేళ్లు ఉండమని మామా అడుగుతోంది. గురువారం కఫీల్, ఆమె వీసాకు పూచీపడ్డ ఇంటి యజమాని, కాగితం తెస్తాడు, వేలిముద్ర వేయాలి. వేస్తే మధ్యలో పోనియ్యరు.

నువ్వు చెప్పు మామా, కట్టు కట్టినోనివి నీకు తెలుస్తాది, అంది. ఆయన చెయ్యి సరై మళ్లా ఈడికి వస్తాడంటే ఏలు ఏస్తా. రాదంటే ఏయను, ఇంటికి పోతా, ఒంటి చెయ్యితో ఆయనొక్కడే యాడ బతుకుతాడు. ఎప్పటికి సరైతాది, నిజం చెప్పు.

వేసవికి అన్నాను.

అల్లా నిన్ను సల్లగా సూస్తాడు మామా అంది. మా దేవుడి పేరు పెట్టి దీవించింది.

మార్చి 10, బుధవారం

పొద్దున నుంచి ఫోను పక్కనే కూర్చున్నాను. చేయలేదు.

మార్చి 12, శుక్రవారం

జహ్రాకు పోయాను. సిద్ధమ్మ వెనక తలుపు తీసింది. నేను లాగిన చెయ్యి, అది ఇక రాదు అని చెప్పాను.

ఆమె నన్ను చూడలేదు. బొటనవేలు చూసుకుంది. నిన్నటి సిరా ఇంకా పోలేదు.