మరక క్షేమం

పిన్నిగారికి,

మీ పై గదిలో అద్దెకున్న అమ్మాయి నమస్కారాలు. ఇల్లు, పంపు, పిల్లి అన్నీ బాగున్నాయి. అక్కడ మీ అమ్మాయికి పురుడు సుఖంగా జరిగిందని విని సంతోషించాను. వెళ్తూ వెళ్తూ మీరు నాకిచ్చిన టేకు బల్ల మీదే పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. మా ఇంట్లో పీటలే తప్ప బల్ల లేదు. బడి మొహం చూసినవాళ్ళలో కూడా నేనే మొదటిదాన్ని. అందుకే బల్లంటే నాకు భక్తి. మీరొచ్చి చూసి ఆశ్చర్యపోతారు. ఎందుకో చెప్పను.

మీ పై గది అమ్మాయి

తా.క. మీ ఇస్త్రీపెట్టె వాడుకున్నాను. బట్టలకి కాదు.


అమ్మాయికి ఆశీస్సులు.

బట్టలకి కాకపోతే మరి దేనికమ్మా? సరేగానీ, అసలు సంగతి విను. బల్ల మీద గుండ్రంగా ఒక తెల్ల మరక ఉంటుంది. పురిటి హడావిడిలో నీకు చెప్పడం మరిచాను. దాన్ని తాకకు! ఇరవై ఏళ్ళ కిందట మా ఆడపడుచు తడిచెంబు పెట్టి చేసిన మరక అది. "నేను కాదు వదినా" అంది. కొలుద్దాం రమ్మంటే చెంబు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు. ఇప్పుడు మనవణ్ణి చూడ్డానికి వచ్చింది, అదే చెంబుతో! నాతోపాటు మన ఇంటికీ వస్తోంది. చెంబు మరకకి సరిపోతే తను నాకు క్షమాపణ చెప్పాలి, సరిపోకపోతే నేను చెప్పాలి. మరకకేమైనా అయిందో, నువ్వు గది ఖాళీ చేయాల్సిందే.

పిన్ని


పిన్నిగారికి,

మరక క్షేమం. మొన్నటికంటే ఈ రోజు ఇంకా బాగుంది. పొడిగుడ్డ వేసి గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఇలాంటి మరకలు పోతాయని లైబ్రరీ పుస్తకంలో రాశారు. పుస్తకాల్లో ఉన్నవన్నీ జరగకపోతే బాగుండును. మా నాన్న నన్ను ఈ గదిలో దింపి, "మా అమ్మాయి గది" అని వీధంతా చెప్పుకున్నాడండీ.

మీ పై గది అమ్మాయి

తా.క. వేడి టీ గ్లాసు తడి అడుగుతో పెడితే మరక ఎలా పడుతుందో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఊరికే, విజ్ఞానం కోసం రాశాను.


అమ్మాయికి,

నీ ఉత్తరం నేను చదివాను, అల్లుడూ చదివాడు. ఇద్దరికీ తలా తోకా తెలియలేదు. మరక బాగుండడమేమిటి, అదేమైనా చంటిపిల్లా? వచ్చే ఆదివారం వస్తున్నాం.

పిన్ని

తా.క. మీ నాన్న సంగతి ఇప్పుడెందుకొచ్చింది?


పిన్నిగారికి,

బడికి సెలవులిచ్చారు. మా ఊరు వెళ్తున్నాను. తాళంచెవి పక్కింటి టైలరుగారి దగ్గరుంది. నేను లేనప్పుడు ఏం జరిగినా, నేను మంచిదాన్నే.

మీ పై గది (ఇంకా నాదేనని ఆశ) అమ్మాయి

తా.క. చెంబు మెల్లగా పెట్టమనండి.


అమ్మాయికి ఆశీస్సులు.

పక్కింటి టైలరుగారిని సాక్షిగా నిలబెట్టి, చెంబు మరక మీద పెట్టించాను. మరక కనబడకుండా పోయింది! చెంబు అడుగు అంత పెద్దది. మా ఆడపడుచు చెంబు తీసి, బల్లకి తడి అంటకుండా దాని అడుగు కొంగుతో తుడిచింది. అదే నన్ను చంపేసింది. "తప్పయిపోయింది" అని నేను ఏడ్చాను. నన్ను చూసి తనూ ఏడ్చింది. టైలరుగారు ఇద్దరికీ కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలిచ్చారు కళ్ళు తుడుచుకోమని. ఇప్పుడు నా వంటింట్లో కూర్చుని నా కూరకి వంకలు పెడుతోంది. ఇరవై ఏళ్ళుగా ఆ వంకలు లేకే నా వంటకి రుచి లేదనుకుంటా.

సెలవులయ్యాక వచ్చెయ్. గది నీదే. మీ నాన్నని కూడా తీసుకురా.

పిన్ని

తా.క. తను స్నానానికి వెళ్ళినప్పుడు నీ టీ గ్లాసు కడిగి, చోటు లేక బల్ల మీద పెట్టాను. మరక మీద అచ్చు గుద్దినట్టు కూర్చుంది. నువ్వు అద్దెకొచ్చి ఏడాదైనా కాలేదు! ఇదెలాగో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోను కూడా. గ్లాసు బీరువాలో పెట్టి తాళం వేశాను. మా ఆడపడుచు ఉన్నన్నాళ్ళూ నీకు టీ చెంబులోనే.