సంతలో ఎద్దు కన్ను చూసినట్టు

నాగర్‌కర్నూల్

అమూల్య నాయనకు,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు. ఫోన్ ఎత్తితే నీకంటే ముందు అత్తమ్మ ఏడుపు వినాలి, అందుకే ఉత్తరం.

కాన్పులో బిడ్డను బయటికి లాగే పట్టుకారు తగిలి బిడ్డ ఎడమ కంటి పొర చీలింది. గాయం మానింది గాని చూపు నిలవలేదు. రోజూ కొంతసేపు మంచి కన్ను మూసి కట్టు కడితేనే రెండోది చూడటం నేర్చుకుంటుందని, ఆలస్యమైతే ఇక నేర్వదని డాక్టరమ్మ ఎంత చెప్పింది! నువ్వేం చేశావు? పెబ్బేరు సంతలో ఎద్దుకు చేసినట్టు ఎడమ కంటి ముందు టవల్ ఊపావు. బిడ్డ రెప్ప కొట్టగానే "కన్ను సాఫ్‌గున్నది, గీ కట్టెందుకు?" అని పీకి పారేశావు. నా బిడ్డ బేరానికొచ్చిందా? కట్టు కడతానని మాట ఇచ్చేదాకా అమ్మగారింటి నుంచి కదలను.

ఒళ్లు మండుతున్న
సౌందర్య

పెబ్బేరు

ప్రియమైన సౌందర్యా,

నీకు కాకపోయినా నాకు ప్రియమే. చిన్నప్పటి నుంచి ఎద్దుల బేరాలు చేస్తున్నవాణ్ణి, కన్ను చూడటం నాకు రాదా? కట్టు కట్టినప్పుడల్లా నాలుగేళ్ల పిల్ల గడపలకు గుద్దుకుంటుంది. "ఉన్న కన్ను మూసి లేని కన్ను తెస్తరా, గిదేం వైద్యం?" అని అమ్మ అడుగుతోంది, నేనూ అదే అడుగుతున్నాను. చెడగొట్టిందీ డాక్టర్లే, బుద్ధులు చెప్పేదీ డాక్టర్లే. ఆదివారం వచ్చి బిడ్డను తీసుకుపోతాను. అడ్డం రాకు.

నీ రాఘవేందర్

పెబ్బేరు

ప్రియమైన సౌందర్యా,

ఆదివారం నేను వచ్చినట్టు మీ అమ్మ చెప్పే ఉంటుంది. నువ్వు బజారుకు పోయావు. అమూల్య కట్టుతో, కళ్లద్దాలతో వాకిట్లో ఆడుకుంటోంది. చూడగానే ఉరికొస్తుందని మాట్లాడకుండా గేటు దగ్గర నిలబడ్డాను. నా వైపే చూసి "ఎవరు గావాలె? మా అమ్మ లేదు" అంది.

ఇన్నేళ్లూ నన్ను చూసింది దాని ఒక్క కన్నేనని అప్పుడు తెలిసింది. "నేను బిడ్డా, నాయనను" అన్నాక నా గొంతు గుర్తుపట్టి వచ్చింది. కట్టు తీద్దామని చెయ్యి పోయింది. తీస్తే ఆ క్షణమే నన్ను పోల్చుకుంటుంది. కానీ ఎడమ కన్ను మాత్రం నన్ను ఎప్పటికీ చూడదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అందుకే బిడ్డను తేలేదు. ఇంట్లో చెప్తే అమ్మ "నీ పెండ్లాం మందు పెట్టిందా?" అని లేచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మ మీద అరిచాను. ఆ కోపం ఇంకా దిగలేదు, ఎక్కువ భాగం నా మీదే. ఇకనుంచి కట్టు నేనే కడతాను, ఏడిస్తే నేనే ఎత్తుకుంటాను. తిడుతూనే రా, పడతాను.

నీ రాఘవేందర్