సత్తవ్వను ప్రేమించిన వారం

18-12-1960, ఆదివారం, మధ్యాహ్నం
చెన్నూరు చర్చిలో పాస్టరయ్య కచ్చితంగా చెప్పేశారు. క్రిస్మస్ నాడు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు రావాలంటే ముందు శత్రువును క్షమించాలట. నాకున్నది ఒక్కతే శత్రువు, పక్కింటి సత్తవ్వ. ఇరవై ఏళ్లుగా ఒకే చాప మీద కూర్చుని, కలిసే బల్ల దగ్గరకు వెళ్లేవాళ్లం. మూడు వారాల క్రితం దాని మేక నా చిక్కుడు పాదు మేసింది. అడిగితే, "నీ పాదే మా మేక మీద పడ్డది" అంది. అప్పట్నుంచి మాటల్లేవు.
ఈ రోజు నుంచి దాన్ని ప్రేమిస్తాను.
1. కనబడితే నవ్వాలి.
2. ముందు నేనే పలకరించాలి.
3. పేరు పెట్టి ప్రార్థించాలి.
వారమెందుకు, మంగళవారానికే అయిపోతుంది!

19, సోమవారం
బావి దగ్గర నవ్వాను. ఎవరిని చూసి నవ్వానోనని వెనక్కి తిరిగి చూసింది. తర్వాత మా ఆయన సీమోనును అడిగిందట: "అన్నా, వదినెకు పండ్లనొప్పి లేసిందా?"

20, మంగళవారం
బడిలో పరీక్షలు. లెక్కల టీచరుకు ప్రేమించే తీరికెక్కడిది? రేపు.

21, బుధవారం
పలకరిద్దామని గోడ దాకా వెళ్లాను. మేక కనబడింది. తిరిగొచ్చాను. మేకను ప్రేమించమని పాస్టరయ్య చెప్పలేదు.

22, గురువారం, సాయంత్రం
మా ఇంట్లో ప్రార్థన కూడిక. సత్తవ్వ కూడా వచ్చింది. అందరూ కళ్లు మూసుకున్నారు. పేరు పెట్టి ప్రార్థించాను: "ప్రభువా, మా సత్తవ్వను మన్నించు. మేకను ఇడిసిపెట్టినందుకు మన్నించు. అబద్ధమాడినందుకు మన్నించు. కోతపండుగకు పుచ్చు గుమ్మడికాయ తెచ్చి నీ ముందల పెట్టింది, దానికి గూడ మన్నించు."
అందరూ ఆమేన్ అన్నారు. నాలో ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు.
వెంటనే సత్తవ్వ అందుకుంది: "ప్రభువా, మా వదినెను గూడ మన్నించు. పాటల తాళం తప్పినా గొంతు తగ్గియ్యదు. పోయినేడు అడుక్కపోయిన జల్లెడ ఇంక ఇయ్యలే."
ఈసారి ఆమేన్ ఇంకా గట్టిగా వినిపించింది. అలా ఒకరి కోసం ఒకరం అరగంట ప్రార్థించుకున్నాం. చాయ్ చల్లారిపోయింది. చివరికి పాస్టరయ్య పాట ఎత్తుకుని ఆపారు.

23, శుక్రవారం
"నువ్వు ప్రేమించకముందే జర నయముండె" అన్నాడు మా ఆయన.
జల్లెడ మంచం కింద దొరికింది. ఇప్పుడిస్తే ఓడిపోయినట్లే.

24, శనివారం
తీర్మానం రద్దు.

25, ఆదివారం, క్రిస్మస్
బల్ల దగ్గరకు రమ్మన్నారు. ఏ మొహంతో వెళ్లను? లేవలేదు. ఏడుపొచ్చింది. చూస్తే ఆడవాళ్ల వైపు అంతా ఖాళీ. చాప ఆ చివర సత్తవ్వ ఒక్కతే, అదీ లేవలేదు.
"పో వదినె, రొట్టె అయిపోతది" అంది.
"నువ్వు పో."
"నువ్వు లేంది నేనెట్ల పోత?"
చెయ్యి పట్టుకున్నాను. అందరికంటే చివర ఇద్దరం మోకరించాం. నిజంగా అంతా క్షమించేశాను. మనసు ఎంత తేలికైందో.

మధ్యాహ్నం 2
సత్తవ్వ గిన్నెడు చిక్కుడుకాయ కూర తెచ్చింది. అమృతంలా ఉంది. ఈ కాయలు ఎక్కడివని అడిగాను.
"మీ పాదువే వదినె. గోడకు మా దిక్కున్నయి మేక ముట్టలే. మూడు వారాల సంది తెంపుకుంటున్న."

26, సోమవారం, ఉదయం 6
ఈ రోజు నుంచి సత్తవ్వను ప్రేమిస్తాను.
1. కనబడితే నవ్వాలి.
2. ముందు నేనే పలకరించాలి.
3. పేరు పెట్టి ప్రార్థించాలి, మనసులో.
4. జల్లెడ సంగతి ఆలోచించాలి.